ఉస్మానియా దారిలో చదువు, భాష, అంతరం

చదువు అసమానతను తగ్గిస్తుందన్నది అందరికీ ఉన్న నమ్మకం. చదువే అసమానతకు ఆమోదముద్ర వేస్తుందన్నది విద్యా సామాజిక శాస్త్రం లేవనెత్తిన అనుమానం. అమెరికాలో 1966లో వెలువడిన జేమ్స్ కోల్‌మన్ నివేదిక, పిల్లల ఫలితాల్లోని తేడాలకు బడి వసతుల కంటే ఇంటి నేపథ్యమే పెద్ద కారణమని తేల్చింది. ఫ్రాన్స్‌లో పియెర్ బోర్దియూ మరో అడుగు ముందుకు వేశాడు. ఇంట్లో అప్రయత్నంగా అబ్బే మాటతీరు, పుస్తకాలతో చనువు, పెద్దల ముందు తడబడని తీరు కలిపి సాంస్కృతిక పెట్టుబడి అన్నాడు. బడి దాన్ని నేర్పదు, పరీక్షలో మాత్రం అడుగుతుంది. అది ఉన్న పిల్లవాడు తెలివైనవాడు, లేని పిల్లవాడు మొద్దు అయిపోతారు.

ఈ మాటకు తెలుగునేల మీద నిదర్శనం కావాలంటే అంబర్‌పేట్, తార్నాకల నడుమ ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని చూడాలి. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1917లో ఫర్మానా ఇచ్చాడు, 1918లో విశ్వవిద్యాలయం మొదలైంది. ఇంగ్లిషు పాలన సాగుతున్న దేశంలో ఒక భారతీయ భాషలో, ఉర్దూలో, ఉన్నత విద్య చెప్పాలన్నది సాహసమే. పాఠ్యపుస్తకాల కోసం ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టారు, వైద్యం కూడా ఉర్దూలోనే బోధించారు. చిక్కల్లా, ఆ భాష ఎవరిది అన్న దగ్గర ఉంది. హైదరాబాద్ సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువాళ్లు, నాలుగో వంతు మరాఠీవాళ్లు. ఉర్దూ ఇంటిభాషగా ఉన్నవాళ్లు పదిమందిలో ఒకరికి కాస్త అటూ ఇటూ. కచేరీతో సంబంధం ఉన్న కుటుంబాల పిల్లలకు తరగతి గది ఇల్లులా ఉండేది, పల్లె నుంచి వచ్చిన తెలుగు కుర్రవాడికి పరాయి ఊరు. దళిత పిల్లలకైతే ప్రాథమిక బడే గగనం. భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజార్‌లో వాళ్ల కోసం బడి తెరవాల్సి వచ్చింది.

1948లో సంస్థానం భారత్‌లో కలిసిన తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లిషు వచ్చింది. అప్పటిదాకా అక్కరకొచ్చిన పెట్టుబడి చెల్లని నాణెమైంది, కొత్త నాణెం మరొకరి చేతికి వచ్చింది. 1958లో ఇదే ఆవరణలో కేంద్ర ఆంగ్ల సంస్థ వెలిసింది. తార్నాక దారిలో ఇప్పుడున్న ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం దాని వారసురాలే. పదేళ్లకు గాలి తెలుగు వైపు మళ్లింది. 1968లో పి.వి. నరసింహారావు అధ్యక్షుడిగా తెలుగు అకాడమీ ఏర్పడి ఇంటర్, డిగ్రీ పుస్తకాలను తెలుగులో అచ్చువేసింది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల తెరుచుకుంది. అనంతరామన్ కమిషన్ నివేదికతో వెనకబడిన కులాలకు 25 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఇంట్లో తొలిసారి అక్షరం దిద్దిన తరం వరసగా ఈ మెట్లు ఎక్కి ఉస్మానియాకు చేరింది.

అక్కడ గీత మళ్లీ పైకి జరిగింది. డిగ్రీ దాకా తెలుగులో చదివినవాళ్లకు సైన్సు పీజీలో పాఠమూ ప్రయోగమూ ఇంగ్లిషులోనే. వైవాలో ఈ కష్టం కళ్లకు కడుతుంది. అడిగిన ప్రశ్న అర్థమవుతుంది, జవాబు తెలుసు, మొదటి వాక్యమే నోట పెగలదు. పరీక్షకుడు ఆ మౌనాన్ని తెలియనితనంగా రాసుకుంటాడు. బోర్దియూ చెప్పిన యంత్రాంగం పనిచేసేది ఇంత మామూలు క్షణంలోనే, అందులో ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు.

హాస్టళ్లు ఈ కథలో తరగతి గదులంత ముఖ్యం. గది దొరకనివాళ్లు, కోర్సు అయినా ఊరికి పోలేనివాళ్లు స్నేహితుల గదుల్లో తలదాచుకుంటారు. క్యాంపస్‌లో వాళ్ల పేరు నాన్ బోర్డర్లు. ఇద్దరికిచ్చిన గదిలో నలుగురైదుగురు, ఒకరి కోసం తెచ్చిన అన్నంలో ఇద్దరు, గోడకు కరెంట్ అఫైర్స్ కాగితాలు. అధికారులకు ఇది క్రమశిక్షణ సమస్య. నిజానికి గ్రూప్స్, డీఎస్సీ నోటిఫికేషన్ల కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసే పేద కుటుంబానికి నగరంలో దొరికిన ఒకే ఒక్క కాలు మోపే చోటు అది. 2011 లెక్కల్లో హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత 83 శాతం, మహబూబ్‌నగర్ జిల్లాది 55. ఆ గదిని ఎందుకు వదలరో ఈ రెండు అంకెలే కొంత చెబుతాయి.

క్యాంపస్ గోడ దాటితే తార్నాక, హబ్సిగూడ. సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ, ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధన కేంద్రాలు ఇక్కడివే. క్యాంపస్‌ను ఆనుకునే మాణికేశ్వరి నగర్ ఉంది, జనం నోట వడ్డెర బస్తీ. రాయి కొట్టడం వడ్డెరల కులవృత్తి, క్యాంపస్‌కు గుర్తుగా నిలిచిన ఆర్ట్స్ కాలేజీ రాతి కట్టడం. ఇలా పక్కపక్కనే ఉండే ఇళ్ల పిల్లలందరూ ఒకే బడికి పోవాలని 1964–66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. అమలు కాని సిఫారసుల్లో బహుశా ఇదే అతి విలువైనది.

ఒక స్థాయి చదువు అందరికీ అందగానే, ఉన్నవాళ్లు అదే స్థాయిలో మేలిరకాన్ని వెతుక్కుంటారని 2001లో శామ్యూల్ లూకస్ అనే అమెరికన్ పరిశోధకుడు సూత్రీకరించాడు. తెలుగు రాష్ట్రాల్లో దీనికి రుజువులు వెతకనక్కరలేదు. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడులు ఇంగ్లిషు మీడియంలోకి మారాయి. స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలు అప్పటికే ఐఐటీ ఫౌండేషన్ క్లాసుల్లోనో ఇంటర్నేషనల్ స్కూళ్లలోనో ఉన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పేద పిల్లలను ఇంజినీరింగ్ గడప దాటించింది. ఆ తర్వాత ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నదే కొత్త అంతరం. బకాయిలు రాకపోతే సర్టిఫికెట్ కోసం కాలేజీ చుట్టూ తిరగాల్సింది కూడా ఆ పిల్లలే.

రిజర్వేషన్ల లోపలా ఇదే జరిగింది. ఎస్సీల్లో ముందుగా బడి చూసిన ఉపకులాలు ముందుకు వెళ్లాయన్న ఫిర్యాదుతో 1994లో మాదిగ దండోరా పుట్టింది. ఎస్సీ కోటాను ఉపకులాల వారీగా విడదీస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణను 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణకు దారి ఇచ్చింది. 2025లో తెలంగాణ ఎస్సీల 15 శాతాన్ని 1, 9, 5గా మూడు గ్రూపులకు పంచింది.

ఆడవాళ్ల విషయంలో మరో రకం ప్రయత్నం జరిగింది. బాగ్ అంబర్‌పేట్‌లో ఒక కాలనీకి పేరైన దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఇంగ్లిషు బోధనను నిరసించి పన్నెండేళ్లకే బడి మానేసిన మనిషి. తర్వాత బయటినుంచే మెట్రిక్ కట్టి న్యాయవాది అయ్యారు. మద్రాసులో మొదలైన ఆమె ఆంధ్ర మహిళా సభకు ఉస్మానియా ఆవరణలోనూ కళాశాల ఉంది. ఆమె తొలి అధ్యక్షురాలిగా పనిచేసిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో సంక్షిప్త కోర్సులు తెచ్చింది. పెళ్లి, పేదరికం, వైధవ్యం వల్ల చదువు ఆగిన స్త్రీ మళ్లీ చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోనక్కర లేకుండా, రెండేళ్లలో మెట్రిక్ రాసే వీలుండేది. బడి ఏర్పాటుకు ఆమె సర్దుకోవడం కాకుండా, ఆమె బతుకుకు తగ్గట్టు కోర్సునే సర్దారు. 1982లో హైదరాబాద్‌లో ఏర్పడిన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పనిచేసేదీ ఈ పద్ధతిలోనే. ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లు నడుపుకుంటూ, ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వెసులుబాటు అది కల్పించింది.