పలెర్మో: రేవు నుండి కాలినడకన

మధ్యధరా సముద్రంలో తిరిగే విహార నౌకలు ఒక్కొక్క రేవులో నిలిచేది సాధారణంగా ఎనిమిది, తొమ్మిది గంటలే. నౌకవారు ఏర్పాటు చేసే బస్సు ఎక్కితే అందులో సగం ఎక్కడానికీ, దిగడానికీ, మార్గదర్శి వెనుక వరుసలో నిలబడడానికే సరిపోతుంది. సిసిలీ ద్వీపపు రాజధాని పలెర్మోలో ఆ బస్సు అవసరం లేదు. రేవు నగరం ఒడిలోనే ఉంది. విదేశాల్లో ఉద్యోగాలు చేసే బిడ్డలు తల్లిదండ్రులను ఇటువంటి ప్రయాణాలకు తీసుకువెళ్లడం ఇప్పుడు మన కుటుంబాల్లోనూ కనిపిస్తోంది. అందుకే మేము కాలినడకన చూసిన ఆ నగరాన్ని గురించి రాస్తున్నాము.

ముందుగా రెండు జాగ్రత్తలు. భారతీయ పాస్‌పోర్టు గలవారికి షెంజెన్ వీసా ఉండాలి. నౌక నడుమ ట్యునీషియా వంటి దేశానికి వెళ్లి తిరిగి ఐరోపా రేవుకు వచ్చేదైతే, పలుమార్లు ప్రవేశించడానికి వీలిచ్చే వీసా కావాలి. రెండవది కాలం. సొంతంగా వెళ్లినవారి కోసం నౌక ఆగదు. నౌక ఎక్కవలసిన వేళకు గంటన్నర ముందే రేవు చేరాలని మేము నియమం పెట్టుకున్నాము.

రేవు ఎదుటి ఎమెరికో అమారి వీధి వెంట తిన్నగా నడిచి, పొలితెయామా నాటకశాల వద్ద ఎడమకు తిరిగితే, దారి క్రమంగా మఖేదా వీధిలో కలుస్తుంది. అది క్వాత్రో కాంతి అనే పాత కూడలికి చేరుస్తుంది. అక్కడ కుడివైపు ఎక్కిపోయే రాజవీధిని నేటికీ కస్సారో అంటారు. అది అరబీలోని ‘అల్‌ఖస్ర్’, అంటే కోట. ప్రయాణంలో నమాజును కుదించడాన్నీ మనం ఖస్ర్ అనే అంటాము. అక్షరాలు అవే, అర్థం వేరు. ఆ రోజు రెండూ మాకు పనికివచ్చాయి.

827లో ఈ ద్వీపంపై దిగిన సేనకు నాయకుడు ఖైరవాన్ ఖాజీ అసద్ ఇబ్ను ఫురాత్. వృద్ధుడు, ఫిఖ్హ్ పండితుడు. మరుసటి ఏడే సిరక్యూస్ ముట్టడిలో మరణించాడు. పలెర్మో 831లో ముస్లింల వశమై, 1072లో నార్మన్ల చేతికి పోయింది. నడుమ, పదవ శతాబ్దంలో వచ్చిన యాత్రికుడు ఇబ్ను హౌఖల్ ఇక్కడ మూడు వందలకు పైగా మసీదులున్నాయని రాశాడు. పిల్లలకు చదువు చెప్పేవారు లెక్కకు మించి ఉన్నారనీ, వారంతా మందబుద్ధులనీ కూడా రాశాడు. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మాకు ఆ పుటలు చదివినప్పుడల్లా నవ్వు వస్తుంది. ఆయనను ఏ ఉస్తాదు నొప్పించాడో!

ఆ మసీదులు మిగలలేదు. మహాచర్చి దక్షిణపు మండపంలో ఎడమవైపు స్తంభం మీద మాత్రం దివ్య ఖుర్ఆన్ వాక్యం ఒకటి చెక్కబడి ఉంది. అది ఆరాఫ్ సూరాలోని 54వ ఆయత్. జనం దానిని ఆనుకునే నిలబడి ఫోటోలు దిగుతున్నారు. మేము అక్షరాలను కూడబలుక్కుంటూ చాలాసేపు నిలబడ్డాము.

అక్కడ మా బృందం రెండుగా విడిపోయింది. రాజప్రాసాదంలోని ప్రార్థనాలయపు పైకప్పు ముస్లిం పనివారి తీరులో చెక్కిన ముఖర్నస్, దాని మీద కూఫీ లిపి. రెండవ రోజర్ 1142లో గడియారానికి వేయించిన లాటిన్, గ్రీకు, అరబీ శాసనమూ అక్కడే ఉంది. అమ్మాయి, అల్లుడు అటు వెళ్లారు. పూజాస్థలంలో ప్రవేశించడానికి సంకోచించే మావంటివారికి జీసా భవనం ఉంది. ‘అల్ అజీజా’ అనే పేరే అలా మారింది. 1165లో మొదలైన ఈ విడిది నార్మన్ రాజులది, వాస్తు మాత్రం మనకు పరిచితమైనదే. నడిమి హాలులో గోడనుండి జారిన నీరు నేలమీది పాలరాతి కాలువలో పారేది, ఆ తడిగాలితో గది చల్లబడేది.

హజ్ ముగించి తిరిగి వెళుతూ ఇబ్ను జుబైర్ 1184 చివర ఈ నగరానికి వచ్చాడు. రాజుకు అరబీ తెలుసు, కొలువులో ముస్లింలున్నారు, క్రైస్తవ స్త్రీలు సైతం ముస్లిం స్త్రీల వలె దుస్తులు ధరించేవారు. పైకి అంతా సుఖమే. కానీ ఆయన ఇళ్లలోపలి మాట కూడా విని రాశాడు. తండ్రి కోప్పడితే కొడుకు, తల్లి మందలిస్తే కూతురు అలిగి చర్చిలోకి పోతే, ఇక ఆ బిడ్డ ఇంటివారికి దక్కేది కాదు. అందుకని పెద్దలు ఇంట్లో పిల్లలను గట్టిగా ఒక మాట అనడానికే జంకేవారు. త్రాపని రేవులో ఒక గౌరవనీయుడు తన కుమార్తెను యాత్రికులలో ఎవరికైనా నికాహ్ చేసి పంపడానికి సిద్ధపడ్డాడు. ఆమె ముస్లింల దేశంలో బ్రతకాలన్నది ఆయన కోరిక. మరి కొన్ని దశాబ్దాలకు, రెండవ ఫ్రెడరిక్ కాలంలో, ద్వీపంలోని ముస్లింలను ఇటలీలోని లుచేరాకు తరలించారు. 1300లో ఆ ఊరినీ నాశనం చేసి, పట్టుబడినవారిని బానిసలుగా అమ్మివేశారు. జీసా ముందరి తోటలో కూర్చుని మా శ్రీమతికి ఈ సంగతి చెబితే, “ఆ పిల్ల చేరవలసిన చోటికి చేరిందా అండీ?” అని అడిగింది. పుస్తకంలో అంతవరకే ఉంది.

జుహ్ర్‌కు పాత నగరంలోని మసీదుకు వచ్చాము. ఒకప్పటి చర్చి భవనమే నేడు మసీదు. ఖిబ్లా మనకు వలె పడమర కాదు, ఆగ్నేయం. మా పక్కన నిలిచినవారిలో ట్యునీషియా సోదరులు, బంగ్లాదేశ్ సోదరులు ఉన్నారు. మేము అస్ర్‌ను దాని వేళకు నౌకలోనే చేశాము.

భోజనం విషయంలో మొహమాటం పనికిరాదు. కన్నోలి అనే మిఠాయి గుల్లలో సంప్రదాయంగా పంది కొవ్వు, మర్సాలా మద్యం కలుపుతారు, కాబట్టి దాని జోలికి పోకూడదు. శనగపిండితో వేసే పనెల్లెలు మేలు, వాటినీ ఏ నూనెలో వేయించారో అడిగి కొనాలి. బంగ్లాదేశ్ సోదరుడొకరు దుకాణం వరకు వచ్చి అడిగి పెట్టించాడు. వేడివేడిగా నాలుగు తిని, మన బజ్జీకి అక్క వరుస అవుతుంది గాని కారం తెలియని అక్క అని మా శ్రీమతి తేల్చింది. అప్పటికి మూడు కావస్తోంది. అమ్మాయి, అల్లుడు మఖేదా వీధి మొదట్లో మా కోసం ఎదురుచూస్తున్నారు.