స్క్రీన్ నల్లగైతే ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ కావాలి. మా బోడుప్పల్‌లో బీటెక్ పిల్లల చేతుల్లో ఉన్నవి చాలావరకు అంతకంటే పాతవే. అందుకే ఇప్పుడు గల్లీకొక లైనక్స్ మింట్ కనిపిస్తోంది. దాంతోపాటు నాకు ఫోన్లు కూడా పెరిగాయి!

మొన్న ఎదురింటి తమ్ముడు వచ్చాడు. "అన్నా, అప్‌డేట్ కొట్టిన. స్క్రీన్ మొత్తం నల్లగైంది. షాపాయన ఫార్మాట్ కొట్టాలంటుండు." రెండు రోజుల్లో ప్రాజెక్ట్ రివ్యూ. ఫైళ్లన్నీ అందులోనే, బ్యాకప్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో వాళ్ల నాన్న కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది.

ఇలాంటప్పుడు నేను మొదట నొక్కేది కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి. అక్షరాలతో లాగిన్ అడిగిందా, ఊపిరి పీల్చుకోండి. సిస్టమ్ బతికే ఉంది, గోల అంతా గ్రాఫిక్స్‌లోనే. తమ్ముడిది అడిగింది. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

తర్వాత రీస్టార్ట్ చేసి, కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే గ్రబ్ మెనూ వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకున్నాం. డెస్క్‌టాప్ వచ్చేసింది! అప్‌డేట్‌తో కొత్త కెర్నల్ వచ్చింది కానీ, ఎన్‌విడియా డ్రైవర్ దానికి సరిగ్గా కుదరలేదు. అదీ అసలు కథ. ముందు ప్రాజెక్ట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ తర్వాతే డ్రైవర్ మేనేజర్ తెరిచాం. అక్కడ 'రికమెండెడ్' అని ఉన్నదే వేసుకోవాలి. ఎక్కువ నంబర్ ఉంది కదా అని వేరేది వేయకండి.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది. చాలామంది అది చూసి బెదిరిపోయి 'కంటిన్యూ బూట్' కొట్టేస్తారు. అప్పుడు డ్రైవర్ ఉన్నా లోడ్ కాదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ మానిటర్ కూడా కనబడదు. 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇవ్వాలి, అంతే.

ఇన్‌స్టాల్ చేసిన మొదటిరోజే నల్లగా ఉంటే? గ్రబ్‌లో 'ఈ' నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అని ఇంగ్లీషులో చేర్చి ఎఫ్10 కొట్టండి. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. లోపలికి వెళ్లి డ్రైవర్ వేసుకోవడానికి చాలు.

డ్రైవర్ బాగానే ఉన్నా ప్యానెల్ మాయం కావడం, ఐకాన్లు పెద్దవైపోవడం లాంటివి వేరే జాతి. మింట్ సినమన్‌లో అయితే ఆల్ట్, ఎఫ్2 నొక్కి 'ఆర్' అని కొట్టి ఎంటర్ ఇస్తే డెస్క్‌టాప్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది, తెరిచిన పనులు పోవు. దానికీ లొంగకపోతే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి చేసి అందులోకి లాగిన్ అవ్వండి. నాకు బాగా నచ్చిన పరీక్ష ఇదే. అక్కడ అంతా బాగుందంటే తప్పు మీ సెట్టింగ్స్‌లోనే. అక్కడా అదే గోలైతే డ్రైవర్‌ను అనుమానించాలి. సెట్టింగ్సే అని తేలితే, హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని డీకాన్ఫ్‌లో 'యూజర్' అనే ఫైల్ ఉంటుంది. లాగౌట్ చేసి, ఆ ఎఫ్3 తెర నుంచి దాని పేరు మార్చండి. డిలీట్ మాత్రం వద్దు, తేడా వస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు. మళ్లీ లాగిన్ అయితే డెస్క్‌టాప్ కొత్తదానిలా వస్తుంది. ఫొటోలు, ప్రాజెక్టులు కదలవు.

ఇక తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తుంటే దానికి డ్రైవర్‌తో పనిలేదు, ఫాంట్ లేదంతే. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఫాంట్స్-టెలు అని ఇంగ్లీషులో వెతికి వేసుకోండి. పోతన, వేమన పేర్లతో ఉన్న ఫాంట్లూ అలాగే దొరుకుతాయి. వేశాక బ్రౌజర్ మూసి తెరవడం మర్చిపోకండి.