కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది: కొనాలా, వద్దా?

మీ సైకిలు టైరు పంక్చరయిందనుకోండి. వెంటనే అతుకు వేయిస్తారు. అదే, బజారులోకి గేర్ల సైకిలు కొత్తగా వచ్చిందనుకోండి. చక్కగా నడుస్తున్న పాత సైకిలును వదిలేసి దాన్ని కొంటారా? కాస్త ఆలోచిస్తారు కదూ! కంప్యూటరు విషయంలోనూ ఈ తేడా తెలుసుకోవాలి.

కీబోర్డు, తెర, డిస్కు, ప్రింటరు - వీటన్నిటి చేతా కలిసి పని చేయించే ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్. తయారుచేసినవారు దానికి అప్పుడప్పుడూ కొత్త వెర్షన్లు విడుదల చేస్తుంటారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఆపిల్ కంపెనీ తన మాక్ కంప్యూటర్ల కోసం 2002, 2003, 2005, 2007 సంవత్సరాలలో నాలుగు వెర్షన్లు అమ్మింది. అమెరికాలో ఒక్కొక్కటి 129 డాలర్లు. నాలుగూ కొన్నవారికి అయిన ఖర్చు 516 డాలర్లు. మధ్యలోని రెండింటినీ వదిలేసినవారికి 258 డాలర్లే, అంటే సరిగ్గా సగం! మరి ఎక్కువ ఖర్చు పెట్టినవారికి దక్కిందేమిటి? ఉదాహరణకు, 2005 వెర్షన్‌లో ఫైళ్ళను చప్పున వెదికిపెట్టే 'స్పాట్‌లైట్' వచ్చింది. వేలకొద్దీ ఫైళ్ళున్నవారికి అది వరమే. ఉత్తరాలు టైపు చేసుకునేవారికి మాత్రం పెద్ద తేడా ఉండదు.

అయితే పాతదాన్ని అలాగే వదిలేయవచ్చా? వదిలేయకూడదు! 2017 మే నెలలో 'వాన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాము దాదాపు 150 దేశాలలో విండోస్ కంప్యూటర్లలోకి చొరబడింది. ఫైళ్ళకు తాళం వేసి, తాళం తీయాలంటే డబ్బు చెల్లించమంది. చిత్రమేమిటంటే, అది దూరిన కంతను పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఉచితంగా ఇచ్చింది. 2009 నాటి విండోస్ 7 ఉన్నా సరే, ఆ మరమ్మతు చేసుకున్నవారికి ఈ బెడద తప్పింది. విండోస్ ఎక్స్‌పీకి మాత్రం 2014లోనే మామూలు మరమ్మతులు ఆగిపోయాయి. అందుకే దాడి జరిగాక దానికోసం ప్రత్యేకంగా మరమ్మతు విడుదల చేయవలసి వచ్చింది.

చూశారా! వారిని కాపాడింది కొత్త వెర్షన్ కాదు, సమయానికి వేసిన అతుకు.

2013 నుంచి మాక్ కొత్త వెర్షన్లు ఉచితమే. అయినా ఖర్చు మరో దారిలో రావచ్చు. 2021లో వచ్చిన విండోస్ 11ను చాలా పాత కంప్యూటర్లు అందుకోలేవు. అంటే కంప్యూటరునే మార్చాలన్నమాట!

కనుక ఈసారి ఇంట్లో ఈ ప్రసక్తి వస్తే మూడు ప్రశ్నలు అడగండి. పాతదానికి మరమ్మతులు ఇంకా అందుతున్నాయా? మనకు కావలసిన పని కొత్తదానిలోనే ఉందా? మన కంప్యూటరు దాన్ని మోయగలదా? మొదటిదానికి 'లేదు' అన్నది జవాబైతే మార్చక తప్పదు. 'అవును' అయి, కొత్తదానితో ప్రత్యేకమైన పనేమీ లేకపోతే, ఆ డబ్బు నిశ్చింతగా దాచుకోండి!