పట్టణపు క్వయరు, పడమటి పల్లెల పాట

సంఘ సంగీత చరిత్ర అనగానే మనలో చాలామందికి పట్టణపు క్వయర్లే జ్ఞాపకమునకు వచ్చును. దక్షిణ భారతమున వాటిలో పేరెన్నికగన్నది 1893లో స్థాపించబడిన మద్రాసు మ్యూజికల్ అసోసియేషన్. సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అను నాలుగు భాగములుగా, స్వరలిపి చూచి పాడుట దాని పద్ధతి. హాండెల్ రచించిన 'మెస్సీయ' వంటి కృతులకు అది లేనిదే కుదరదు. ఇంచుమించు అదే కాలమున అదే నగరములో చిన్నస్వామి ముదలియారు త్యాగరాజ కీర్తనలను పాశ్చాత్య స్వరలిపిలో ముద్రించెను. అనగా మన తెలుగు పాటను కాగితము మీద నిలుపుట అప్పటికే సాధ్యమైన పని.

అట్టి సమాజము మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతమున ఎందుకు పుట్టలేదు? విశ్వాసులు లేక కాదు. కంభము చెరువును నింపు గుండ్లకమ్మ నదిలోనే, దిగువన వెల్లంపల్లి వద్ద, 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అమెరికన్ బాప్టిస్టు మిషను కంభములో 1882లోను, మార్కాపురములో 1895లోను కేంద్రములు తెరచెను. గిద్దలూరు వైపు ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషను పనిచేసెను.

నాలుగు భాగముల పాటకు చదువు కావలెను, వారము వారము సాధనకు తీరిక కావలెను. మన పూర్వికులైన మాదిగ విశ్వాసులలో అధికులు తోలుపని, కూలిపని చేసి చీకటి పడిన తరువాత కూడుకొనినవారు. (దేశమునకు పలకలు పంపిన మార్కాపురపు చుట్టుప్రక్కలనే పలక పట్టనివారు వందల చరణములు కంఠస్థము చేసిరి!) ఒకరు ఎత్తుకొందురు, అందరు అందుకొందురు. చరణము తెలియనివాడును పల్లవి పాడగలడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు ఈ పద్ధతికి సరిగా అమరెను. ఎర్రగుంట్ల పేరయ్య 1866లో క్రీస్తును అంగీకరించుటకు ముందే వీరమ్మ అను గురువు వద్ద యోగము నేర్చినవాడు. గురువు నోట విని నేర్చుకొనుట ఆ జనులకు క్రొత్త కాదు.

అయితే నష్టమును కలిగెను. గ్రామదేవతల జాతరలలో డప్పు కొట్టుటకు విశ్వాసులు నిరాకరించి హింస సహించిరి. ఆ నిరాకరణ న్యాయమైనదే. కాని జాతరతోపాటు డప్పును ఆరాధనకు వెలియైనది. దానిని తిరిగి లోనికి తెచ్చుటకు మనము తడబడితిమని మా అభిప్రాయము.

రెండవ నష్టము మరింత సూక్ష్మమైనది. మన కీర్తనల పుస్తకమున పాట పైన రాగము, తాళము పేర్లుండును. స్వరము సాధారణముగా ఉండదు. వరుస పెద్దల గొంతులోనే యున్నది. మేము తొలిదినములలో సేవచేసిన ఒక పల్లెలో, పుస్తకములోని రాగమునకు సంబంధము లేని వరుసలో ఒక వృద్ధురాలు కీర్తన ఎత్తుకొనుచుండెను. అది తప్పని మేము దిద్దబోతిమి. "మా అత్త ఇట్లనే పాడేది, అయ్యగారూ" అని ఆమె మరల తన వరుసలోనే ఎత్తుకొనెను. ఆమె ప్రభువు నందు నిద్రించిన కొంతకాలమునకు మేము ఆ సంఘమునకు వెళ్లగా, అదే కీర్తనను క్యాసెట్టు వరుసలో కీబోర్డుతో పాడుచుండిరి. పాత వరుస ఎవరికైనా వచ్చునా అని అడిగితిమి. ఇద్దరు స్త్రీలు పల్లవి వరకు పాడి ఆగిపోయిరి.