వ్యాపారానికి విదేశం – ఏ వీసా దేనికి?



కోవిల్‌పట్టి అగ్గిపెట్టె, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కడలై మిఠాయి, విరుదునగర్ మిరపకాయ, పప్పులు... మన సరుకు దూరదేశాలకు పోగలదు. మనమే వెళ్లి అక్కడ కొట్టు తెరవాలంటే మాత్రం సంగతి వేరు.

అమెరికానే చూద్దాం. బి-1 వీసా మీద వెళ్లి బేరం మాట్లాడవచ్చు, ఒప్పందంపై సంతకం చేయవచ్చు. కొట్టులో కూర్చుని అమ్మకూడదు. ఇ-2 అనే పెట్టుబడిదారుల వీసా ఉంది. అది అమెరికాతో తగిన ఒడంబడిక ఉన్న దేశాల పౌరులకే. ఆ జాబితాలో భారతదేశం లేదు. మన పాస్‌పోర్టుకు ఇ-2 ఇప్పిస్తామని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి.

మరి దారి ఏది? ఇక్కడి కంపెనీ అక్కడ శాఖ తెరిస్తే, గత మూడేళ్లలో ఏడాదిపాటు విడవకుండా ఇక్కడ పనిచేసిన మేనేజరును ఎల్-1 మీద పంపవచ్చు. కొత్త శాఖకైతే మొదట ఒక్క ఏడాదే. ఇక్కడి వ్యాపారమూ నడుస్తూనే ఉండాలి.

శాశ్వత నివాసానికి ఇ.బి.-5 ఉంది. 2022 చట్టం గ్రామీణ ప్రాంతాలకు, నిరుద్యోగం ఎక్కువగా ఉన్నచోట్లకు 8 లక్షల డాలర్లు, మిగతాచోట్లకు 10 లక్షల 50 వేల డాలర్లు నిర్ణయించింది. పదిమందికి ఉద్యోగాలు కల్పించాలి. సొమ్ము ఎలా వచ్చిందో కాగితాలతో చూపాలి.

బ్రిటన్ తన పెట్టుబడిదారుల వీసాను 2022లో మూసివేసింది. 2023లో వచ్చిన ఇన్నోవేటర్ ఫౌండర్ వీసాకు కనీస పెట్టుబడి షరతు లేదు. కానీ ఆలోచన కొత్తదని గుర్తింపు పొందిన సంస్థ ఒప్పుకోవాలి. మామూలు కిరాణాకొట్టుకు అది దొరకదు.

అందుచేత నల్లరేగడి చేను అమ్మకముందే ఆలోచించండి. ఎగుమతికి ఐ.ఇ.సి. నంబరు తీసుకుని, ముందు సరుకును పంపి చూడండి. సరుకు నిలదొక్కుకున్నాక మనిషి వెళ్లవచ్చు.