ఆరు మాటల సిఫారసు

ఇశ్రాయేలీయుల తొలి రాజు సౌలుకు మనశ్శాంతి కరువైంది. దురాత్మ వేధించినప్పుడల్లా సితారా నాదం వింటే నెమ్మది కలుగుతుందని సేవకులు సలహా ఇచ్చారు. బాగా వాయించేవాణ్ణి వెదకి తెమ్మన్నాడు రాజు. అప్పుడొక యువకుడు బేత్లెహేములో యెష్షయి కొడుకును తాను చూశానన్నాడు. దావీదు గురించి అతడు చెప్పినవి 1 సమూయేలు 16వ అధ్యాయంలో ఉన్నాయి. చక్కగా వాయిస్తాడు, ధైర్యశాలి, యుద్ధం తెలిసినవాడు, మాటనేర్పరి, రూపసి, దేవుడు అతనికి తోడుగా ఉన్నాడు. లెక్కపెట్టండి, ఆరు. వాటిలో వాద్యం సంగతి ఒక్కటే! తక్కిన అయిదూ మనిషి సంగతులు. రాజు గదిలో కూర్చోబోయేవాడు కదా, ఆ మాత్రం ఆరా తీయక తప్పదు.

ఇప్పుడు ఆ ఆరా ఇంటర్నెట్‌లో తీస్తున్నారు. చర్చిలో కీబోర్డు వాయించే అన్న ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడనుకోండి. క్రిస్మస్‌కు ఆరు వారాలే ఉంది. ఎవరో ఒక పేరు చెబుతారు. ఆ కుర్రాణ్ణి రమ్మని కబురు పంపకముందే క్వయర్‌లోని పిల్లలు సెల్‌ఫోన్‌లో అతని పేరు కొట్టి యూట్యూబ్ వీడియోలు, ఫేస్‌బుక్ ఫొటోలు అన్నీ చూసేస్తారు. అతడు ఆడిషన్‌కు వచ్చేసరికి సగం తీర్పు అయిపోయే ఉంటుంది. చూడడంలో తప్పు లేదు. చూసినదానితో ఏం చేస్తున్నామన్న దగ్గరే చిక్కు.

ఇలా వెదికితే మంచివాళ్లు దొరుకుతారనడానికి పెద్ద ఉదాహరణే ఉంది. అమెరికాలోని ‘జర్నీ’ అనే రాక్ బృందానికి 2007లో గాయకుడు లేకుండా పోయాడు. గిటారిస్టు నీల్ షాన్ యూట్యూబ్‌లో వెదుకుతుండగా, ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో ‘ది జూ’ అనే బృందంతో పాడుతున్న ఆర్నెల్ పినేడా కంటబడ్డాడు. ఒక అభిమాని పెట్టిన వీడియోలవి. షాన్ దగ్గర్నుంచి మెయిల్ వస్తే పినేడా మొదట ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాడట! ఆ డిసెంబరులోనే అతణ్ణి తమ కొత్త గాయకుడిగా ప్రకటించారు. అయితే వీడియో చూసి నేరుగా వేదికెక్కించలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు పిలిపించి, తమతో కలిపి పాడించుకుని, అప్పుడు తీసుకున్నారు. సౌలు చేసిందీ అంతే. యెష్షయికి మొదటి కబురు దావీదును పంపమని. వచ్చి వాళ్ల మధ్య మసలిన తర్వాతే రెండో కబురు, అతణ్ణి నా దగ్గర ఉండనివ్వమని.

ఆ వీడియోల్లో పినేడా గొంతు వినిపించింది. 13 ఏళ్లకే తల్లిని పోగొట్టుకుని, మనీలా పార్కులో పడుకున్న బాల్యం కనిపించలేదు. మత్తుపదార్థాల అలవాటులో పడి బయటికొచ్చానని కూడా తర్వాత అతడే చెప్పుకున్నాడు. ఆ ఒక్క ముక్కే ముందు కళ్లబడి ఉంటే అసలు మెయిల్ వెళ్లేదా?

వీడియో చూడడంలోనూ కిటుకుంది. స్టూడియో పాటలను మరీ నమ్మకండి. అక్కడ ముక్కలు ముక్కలుగా వాయించి అతికించవచ్చు, తప్పిన శ్రుతిని కంప్యూటర్‌తో సరిచేయవచ్చు. బల్ల మీద ఫోన్ పెట్టి ఎవరో తీసిన, మైకు గరగరలాడే ఆరాధన వీడియో దొరికితే అది చూడండి. పాడే అక్క చరణం మరిచిపోయి మళ్లీ పల్లవి ఎత్తుకుంటే కీబోర్డు వెంటనే అందుకుందా? సంఘమంతా మెల్లగా పాడుతున్న చోట అతని వేళ్లు ఊరుకున్నాయా, లేక సందు దొరికినప్పుడల్లా ప్రతాపం చూపించాయా? ప్యాడ్స్ వాయించే తమ్ముడు పాట చివరికొచ్చేసరికి పరుగందుకున్నాడా? నలుగురితో కలిసి వాయించగలడో లేదో చెప్పేవి ఇవే. లైకుల లెక్క ఇందుకు పనికిరాదు.

పేర్ల గందరగోళం మరొకటి. మన సంఘాల్లో డేవిడ్‌లు, పాల్‌లు, సునీతలు వీధికి నలుగురుంటారు. ఒకరి ఖాతా చూసి వేరొకరిని వద్దనుకునే ప్రమాదం ఉంది. పైగా ఏ ఖాతాలోనూ కనిపించనివాళ్లున్నారు. సమూయేలు ప్రవక్త వచ్చిన రోజున కన్నతండ్రి కూడా దావీదును వరుసలో నిలబెట్టలేదు, అతడు గొర్రెల దగ్గర ఉన్నాడు! మీ సండే స్కూల్లోనే హార్మోనియం మెట్లు వెదుక్కుంటున్న పిల్లవాడెవరైనా ఉన్నాడేమో ముందు చూడండి. అతనికి వీడియోలేమీ ఉండవు.

అన్నిటికన్నా బాధ కలిగించేది పాత వీడియోలతో తీర్పు చెప్పడం. నాలుగేళ్ల కిందట పెళ్లి ఆర్కెస్ట్రాలో సినిమా పాటలకు వాయించాడని ఒక కుర్రాణ్ణి పక్కనపెట్టారనుకోండి. ఆ డబ్బుతో ఇంటి అద్దె కట్టాడేమో, చెల్లెలి ఫీజు కట్టాడేమో ఎవరడిగారు? ఎందుకు పిలవలేదో అతనికి ఎన్నటికీ తెలియదు. అపొస్తలుల కార్యములలో కనిపించే మరో సౌలు సంగతే చూడండి. అప్పట్లో ఇంటర్నెట్ ఉండి తార్సువాడైన ఆ సౌలు పేరు కొడితే ఏం వచ్చేది? స్తెఫనును రాళ్లతో కొట్టినవాళ్లు తమ వస్త్రాలు పెట్టింది అతని పాదాల దగ్గరేనన్న వార్త వచ్చేది. అది అబద్ధమా? ముమ్మాటికీ నిజం. యెరూషలేములోని శిష్యులు భయపడడంలో న్యాయముంది. కానీ దమస్కు మార్గంలో ఏం జరిగిందో బర్నబాకు తెలుసు. అతడే సౌలును వెంటబెట్టుకెళ్లి అపొస్తలుల ముందు నిలబెట్టి జరిగినదంతా వివరించాడు. మీరు పిలవబోయే కుర్రాడికీ ఒక బర్నబా ఉంటాడు. పాత సంఘం పాస్టర్‌గారో, కలిసి వాయించిన అన్నో. పది వీడియోల కన్నా ఆయనకు చేసే ఒక్క ఫోన్ మేలు.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడకూడదు. క్వయర్‌లో చిన్నపిల్లలు, ఆడపిల్లలు ఉంటారు. కొత్త వ్యక్తి వాళ్లతో తప్పుగా ప్రవర్తించాడని పాత సంఘం పెద్దలు చెబితే, అతడెంత విద్వాంసుడైనా ఆ బాధ్యత అప్పగించకూడదు. క్షమించడం వేరు, పిల్లల్ని అప్పగించడం వేరు. ఇలాంటివి ఇంటర్నెట్‌లో దాదాపు కనిపించవు, నోరు తెరిచి అడిగితేనే తెలుస్తాయి. తొలి రిహార్సల్ ఎవరి గదిలోనో పెట్టకుండా చర్చి హాల్లో పెద్దల ఎదుట పెట్టుకోండి.

ఆ కుర్రాడు వచ్చాక, నీ వీడియోలు చూశాం బాబూ అని ముందే చెప్పేయండి. సందేహముంటే ముఖం మీదే అడగండి, జవాబు చెప్పుకునే అవకాశమైనా దొరుకుతుంది. తీసుకోకపోతే ఆ మాట కూడా ఫోన్ చేసి చెప్పాలి. స్క్రీన్‌షాట్లు క్వయర్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అతని మేనత్త కూతురు ఆ గ్రూపులోనే ఉండి ఉంటుంది.