వంటింటి గట్టు ఎత్తెంత?

టెలివిజన్‌లో ఇళ్ళు బాగుచేసే కార్యక్రమాలు చూడడం నాకు ఈమధ్య పట్టుకున్న జబ్బు. అమెరికాలో బోస్టన్ నుంచి 1979లో ‘దిస్ ఓల్డ్ హౌస్’ మొదలైంది. బాబ్ విలా అనే గడ్డపాయన పదేళ్ళపాటు అందులో పాత ఇళ్ళ మరమ్మతులు చూపించాడు. 2013లో వచ్చిన ‘ఫిక్సర్ అప్పర్’ మరీ ముచ్చటైనది. టెక్సాస్‌లో వేకో అనే ఊళ్ళో ఇద్దరు భార్యాభర్తలు. ఇంటి రూపం ఆమె నిర్ణయిస్తుంది. పగలగొట్టే సంబరం ఆయనది. వంటింటికీ హాలుకూ మధ్య గోడ కూల్చడమంటే వాళ్ళకెంతో సరదా. సమ్మెట ఎత్తితే చాలు, మగతనమంతా ఆయన మొహంలోకి వచ్చేస్తుంది!

మా కదిరిలో సంగతి వేరు. మా పాత మిద్దెలో వీధి అరుగూ, పడసాలా మగవాళ్ళవి. వంటిల్లు వెనక ఎక్కడో. మిద్దె మీది గవాచిలోంచి పడే వెలుతురే దానికి గతి. నేల అలికినా, పండక్కి సున్నం కొట్టినా మా అమ్మా, అత్తలే. ఇళ్ళు కట్టేచోట ఇసక తట్టలు మోసేదీ ఆడవాళ్ళే. అయినా ఫలానా ఆయన ‘ఇల్లు కట్టాడు’ అంటాం గాని, ‘కట్టింది’ అని ఎవరైనా అనగా విన్నారా?

కిందటేడు మేమూ వంటిల్లు బాగుచేయించాం.

"గట్టు ఎంత ఎత్తు పెట్టల్ల సార్?" అని మేస్త్రీ నన్నడిగాడు. మా ఆవిడ పక్కనే ఉంది. నేను దర్జాగా నిలబడి, నడుం దగ్గర చెయ్యి పెట్టి, "36 అంగుళాలు" అన్నాను. ఆ గట్టు దగ్గర ఏనాడైనా కాఫీ కాచే మొహమా నాది! కడప బండ పరిచేశారు.

వారం తిరక్కుండానే ఆవిడకు భుజాలు పట్టేశాయి. అయిదడుగులకు లోపు మనిషి. బాణలి అడుగు కనబడదు. పీట వేసుకుని నిలబడి వడలు వేయిస్తూంటే ఒకనాడు పీట జారింది. నూనె చేతిమీద చిందింది. బొబ్బలు మానడానికి మూడు వారాలు పట్టింది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"నన్నెవరడిగినారండీ?" అంది.

మేస్త్రీని మళ్ళీ పిలిపించాను. బండ లేపి, ఒక వరస ఇటుకలు తీసెయ్యాలి. టెలివిజన్ జ్ఞాపకం వచ్చి, సమ్మెట నేనే అందుకున్నాను. రెండు దెబ్బలకే నడుం పట్టేసింది. ఇటుక మాత్రం కదల్లేదు. కూలికి వచ్చినామె కొంగు దోపుకుని, సమ్మెట పక్కన పెట్టేసి, ఉలీ సుత్తీ తీసుకుని పావుగంటలో ఆ వరసంతా రాల్చేసింది.

ఈసారి మా ఆవిడే గోడ దగ్గర నిలబడి బొగ్గుతో గీత గీసింది. కొలిస్తే 32 అంగుళాలు. మేస్త్రీ గీత చూశాడు. చూసి, నావైపు తిరిగి, "ఇంతే పెట్టల్లా సార్?" అన్నాడు.